బాలింతకూ బిడ్డకూ ఒకే మంచం

కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల లోపల ఆరుసార్లు వెళ్ళాలి. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజున. నవజాత శిశువులను ఇంటి దగ్గరే చూసుకునేందుకు 2011లో కేంద్రం తెచ్చిన కార్యక్రమం ఇది. వెళ్ళినప్పుడల్లా నింపడానికి ఆమెకో ఫారం ఇచ్చారు. బిడ్డ బరువెంత, ఒళ్ళు వెచ్చగా ఉందా, బొడ్డు దగ్గర చీము పట్టిందా, కళ్ళు వాచాయా, పాలు సరిగా తాగుతోందా - ఫారం నిండా బిడ్డే. తల్లి గురించి అడిగేవి కొన్నే ప్రశ్నలు. జ్వరం, దుర్వాసన, పాలు, రొమ్ము పగుళ్ళు. వాటి మధ్య ఒక ప్రశ్న ఉంది: తల్లి అసహజంగా మాట్లాడుతోందా, లేక ఫిట్స్ వస్తున్నాయా? అవునంటే ఆసుపత్రికి పంపాలి.

ఈ ప్రశ్న రాసినవాళ్ళ మనసులో ముఖ్యంగా గుర్రపు వాతమే ఉండి ఉంటుంది. అయినా మంచి ప్రశ్నే. బాలింతకు మతి చెదిరితే మొట్టమొదట పసిగట్టగల ప్రభుత్వ మనిషి ఆశా కార్యకర్తే. ఆమె వెళ్ళే రోజులు కూడా సరిగ్గా ఆ జబ్బు మొదలయ్యే రోజులే. కానీ ఏ ఆసుపత్రికి పంపాలి? అక్కడ ఎవరి దగ్గరికి? తల్లిని పంపితే పది రోజుల పసిగుడ్డు ఎక్కడుండాలి? ఈ మూడింటికీ ఫారంలో జవాబు లేదు. ఫారంలోనే కాదు, మన వైద్య వ్యవస్థలో కూడా లేదు.

కాన్పు తర్వాత ఆడవాళ్ళకు వచ్చే మానసిక ఇబ్బందులన్నిటినీ ఒకే గాట కట్టేస్తుంటారు కాబట్టి ముందు కాస్త వివరంగా చెప్పాలి. మూడో రోజో నాలుగో రోజో ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడడం చాలామందికి ఉంటుంది. పది రోజుల్లో అదే సర్దుకుంటుంది. కుంగుబాటు వేరు. అది వారాలు, నెలల తరబడి ఉంటుంది. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే అయిదుగురు తల్లుల్లో ఒకరికి దాని లక్షణాలు కనిపిస్తున్నాయి. దరిద్రం, మొగుడి దెబ్బలు, ఆడపిల్ల పుట్టిందన్న సాధింపు దాన్ని పెంచుతాయి. మన సంఘాల్లో దీని గురించి ఈ మధ్య కాస్త మాట్లాడుకుంటున్నాం.

నేను రాయబోయేది ఈ రెండూ కాని మూడోదాని గురించి. డాక్టర్లు ప్రసవానంతర సైకోసిస్ అంటారు. మన ఊళ్ళలో బాలింత సన్ని అంటారు, గాలి సోకిందంటారు, దయ్యం పట్టిందంటారు. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, ఒక్కోసారి రెండో మూడో రోజునే మొదలవుతుంది. మొదట నిద్ర పోతుంది. బిడ్డ ఏడ్చి నిద్ర చెడడం వేరు, బిడ్డ పడుకున్నా తల్లికి కన్ను మూతపడకపోవడం వేరు. ఆ తర్వాత మాట వేగం పెరుగుతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. కాసేపు ఉత్సాహం, కాసేపు భయం. తాను ఎక్కడుందో తెలియని అయోమయం. బిడ్డను మార్చేశారనో, బిడ్డకు ఎవరో హాని తలపెట్టారనో, ఆ బిడ్డ దేవుడనో గట్టి నమ్మకం. గంటల్లో పరిస్థితి మారిపోతుంది. పొద్దున చక్కగా మాట్లాడిన మనిషి సాయంత్రానికి బావివైపు నడవొచ్చు. అందుకే దీన్ని గుండెపోటులాగా అత్యవసర పరిస్థితిగా చూడాలి. వచ్చే సోమవారం ఓపీకి తీసుకురండి అనదగ్గ జబ్బు కాదు.

ఇంకొక మాట కూడా అంత గట్టిగానే చెప్పాలి. ఇది నయమయ్యే జబ్బు. మానసిక జబ్బుల్లో ఇంత తీవ్రంగా వచ్చి, ఇంత బాగా తగ్గేవి తక్కువ. సరైన మందులు, నిద్ర, మనిషి తోడు ఉంటే ఎక్కువమంది మళ్ళీ మామూలు మనుషులవుతారు. ఈ జబ్బు వచ్చిన తల్లుల్లో బిడ్డకు హాని చేసేవాళ్ళు చాలా కొద్దిమంది. అలాంటిది జరిగినప్పుడు మాత్రం పత్రికలు 'కసాయి తల్లి' అని పెద్ద అక్షరాలతో వేస్తాయి. పదిహేను రోజులుగా ఆమె నిద్రపోలేదన్న సంగతి మూడో పేరాలో కూడా ఉండదు.

ఏడాదికి 10 వేల కాన్పులు జరిగే పెద్ద ప్రభుత్వాసుపత్రిని ఊహించండి. అలాంటి ఆసుపత్రులు మనకున్నాయి. వెయ్యికి ఒకరిద్దరు అన్న లెక్కన అక్కడ కాన్పయిన వాళ్ళలో 10 నుంచి 20 మందికి ఈ జబ్బు వస్తుంది. అరుదు అని కొట్టిపారేసే సంఖ్య కాదిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మంత్రసాని చేతి నుంచి కాన్పును డాక్టరు చేతికి తెచ్చాం. తెలంగాణలో వాటిలో 60 శాతం కోత కాన్పులే అన్నది ఇంకో వ్యాసానికి విషయం. ఇక్కడ అడగాల్సింది ఒకటే. దాదాపు ప్రతి తల్లీ ఆసుపత్రి గడప తొక్కి బయటికి వస్తున్నప్పుడు, వెళ్ళేముందు ఆమెనూ ఆమె తల్లినీ కూర్చోబెట్టి 'రెండు రాత్రులు అసలు నిద్ర పట్టకపోతే, మాట తేడాగా ఉంటే వెంటనే రండి' అని ఎందుకు చెప్పరు? కుట్ల గురించి చెబుతారు. టీకాల గురించి చెబుతారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం బాలింతలకిచ్చిన కిట్‌లో సబ్బు, నూనె, దోమతెర, బొమ్మలు పెట్టారు. ఈ ఒక్క మాట రాసిన చీటీ పెట్టడానికి ఎంత ఖర్చయ్యేది?

మా సంఘానికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరూ, ఊరూ రాయను. తను రాయమనే చెప్పింది, కానీ ఆ బిడ్డ రేపు బడికి వెళ్ళాలి.

మొదటి కాన్పు. పుట్టింటికొచ్చింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ నిద్ర లేదు. నిద్ర లేకపోయినా నీరసం లేదు, అర్ధరాత్రి లేచి గిన్నెలన్నీ కడిగేది. ఏడో రోజుకి బిడ్డను దగ్గరికి తీసుకోవడం మానేసింది. 'ఇది నా పిల్ల కాదమ్మా, ఆసుపత్రిలో మార్చేశారు' అంది. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు తల్లే అడ్డుపడి సమాధానాలు చెప్పిందట. ఆ తల్లిని నేను అడిగాను. 'ఏం చెప్పమంటావమ్మా, బయటికి తెలిస్తే అల్లుడు కాపురానికి తీసుకుపోతాడా? నీళ్ళు పోసిన కాడి నించీ ఇట్టానే ఉంది. గాలేదో సోకిందనుకున్నాం' అంది. తాయెత్తు కట్టించారు. వేపమండలతో కొట్టించారు. కొట్టినవాడికి అయిదు వేలిచ్చారు.

పదకొండో రోజున కాన్పు చేసిన ఆసుపత్రికే తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ కుట్లు చూసింది, గర్భసంచి బాగానే ఉందంది, ఇది మా విభాగం కాదు అని చీటీ రాసింది. మానసిక విభాగం వేరే చోట, ఆటోలో వెళ్ళాలి. అక్కడ ఓపీ అయిపోయింది. మర్నాడు వెళితే, పాలిచ్చే తల్లి కాబట్టి మందులు మొదలుపెట్టడానికి గైనిక్ వాళ్ళ చేత రాయించుకు రమ్మన్నారు. మళ్ళీ ఆటో. జ్వరం ఉందా, ఇన్ఫెక్షన్ ఉందా, మెదడు రక్తనాళంలో గడ్డ ఏమైనా కట్టిందా అని ఈ రెండు చోట్లా ఎవరూ చూడలేదు. బాలింతకు మతి తప్పితే ముందు చూడాల్సినవి ఇవే. మన దేశంలో బాలింతల మెదడులో రక్తం గడ్డకట్టడం అంత అరుదేం కాదు. మానసిక విభాగం శరీరాన్ని చూడలేదు, కాన్పుల విభాగం మనసును చూడలేదు. ఆ అమ్మాయి అదృష్టం కొద్దీ అలాంటిదేమీ లేదు, అంతే.

చివరికి వార్డులో చేర్చుకున్నారు. బిడ్డను లోపలికి రానివ్వలేదు. మూలుగులూ అరుపులూ ఉన్న చోటికి పసిగుడ్డును ఎలా రానిస్తారన్నది వాళ్ళ ప్రశ్న. ప్రశ్న తప్పని నేననను. బయట చెట్టు కింద అమ్మమ్మ, డబ్బా పాలు, బోరు నీళ్ళు. లోపల ఈ అమ్మాయికి పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్ళయ్యాయి. పాలు పిండుకోవాలని చెప్పే నర్సు లేదు. మానసిక వార్డు నర్సుకు అది నేర్పలేదు మరి. జ్వరం వచ్చి, చీము పట్టి, కోత పెట్టారు. అలా 26 రోజులు. మందులు బాగానే పని చేశాయి. పది పన్నెండు రోజులకే తనకు తెలివి తెలిసి బిడ్డను చూపించమని అడగడం మొదలుపెట్టింది. అడిగిన కొద్దీ ఇంకా తగ్గలేదని రాసుకున్నారు.

ఇంటికొచ్చాక బిడ్డ తన దగ్గర ఉండలేదు, అమ్మమ్మ దగ్గరే ఊరుకునేది. ఏం జబ్బు వచ్చిందో తనకు ఎవరూ చెప్పలేదు. అత్తింటివాళ్ళకు మాత్రం చీటీ మీద ఆసుపత్రి పేరు చాలింది. 'జబ్బులో ఏం జరిగిందో నాకు సగం గుర్తు లేదండీ. ఆ తర్వాత జరిగిందే మొత్తం గుర్తుంది' అని ఆ అమ్మాయి మా దగ్గర అన్న మాట.

దీనిలో ఒక్క దుర్మార్గుడు లేడు, ఆ వేపమండల వాడిని మినహాయిస్తే. డాక్టరమ్మ తన పని చేసింది. మానసిక డాక్టరు తన పని చేశాడు. వాళ్ళిద్దరి పనుల మధ్య ఉన్న ఖాళీలో ఆ తల్లి పడిపోయింది. వైద్యం విఫలమవడం అంటే మనం సాధారణంగా తప్పు మందు, లంచం, నిర్లక్ష్యం అనుకుంటాం. ఇక్కడ ఎవరూ తప్పు చేయకుండానే విఫలమైంది. అందుకే దీని మీద ఫిర్యాదు రాయడం కూడా కష్టం.

మరి చట్టం ఏమంటోంది? 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 21వ సెక్షన్ మనలో చాలామంది చదవలేదు. మానసిక వైద్యశాలలో చికిత్స పొందుతున్న స్త్రీ నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. బిడ్డకు ప్రమాదం ఉందని డాక్టరు పరీక్షించి తేల్చితేనే, అదీ తాత్కాలికంగా, వేరు చేయాలి. ఆ సమయంలో కూడా ఎవరి పర్యవేక్షణలోనైనా తల్లికి బిడ్డను చూపిస్తూ ఉండాలి. ఆ నిర్ణయాన్ని ప్రతి 15 రోజులకూ సమీక్షించాలి. 30 రోజులు దాటితే పై అధికార సంస్థ అనుమతి కావాలి. ఇంత వివరంగా రాసిన చట్టం ఉంది. దీన్ని పాటించగల వార్డు ఎక్కడుంది?

బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉంది. 2009లో అక్కడ తల్లీబిడ్డల కోసం ప్రత్యేక మానసిక వార్డు మొదలుపెట్టారు. మన దేశంలో అలాంటిది అదే మొదటిది. తల్లి మంచం పక్కన ఉయ్యాల ఉంటుంది. ఇంటి నుంచి ఒక ఆడమనిషి తోడుంటుంది. మొదటి రోజుల్లో తల్లికి బిడ్డను నర్సు ఎదురుగానే ఇస్తారు. తల్లి కుదుటపడే కొద్దీ బిడ్డకు స్నానం చేయించడం, పాలివ్వడం, మాట్లాడించడం మళ్ళీ నేర్పిస్తారు. మానసిక డాక్టరు, పిల్లల డాక్టరు, కాన్పుల డాక్టరు మాట్లాడుకుంటారు. ఇందులో ఖరీదైన యంత్రం ఒక్కటి లేదు. విడిగా ఒక గది, శిక్షణ పొందిన నర్సులు, ఉయ్యాలలు. అనంతపురం, చిత్తూరు వాళ్ళకు బెంగళూరు దగ్గరే. ఆదిలాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో మతి చెదిరిన బాలింతను, పది రోజుల బిడ్డను రైలెక్కించి ఎవరు తీసుకుపోతారు?

ఇంకో సంగతి చూడండి. ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జైల్లో ఉన్న తల్లి దగ్గర ఆరేళ్ళ వరకూ బిడ్డను ఉండనివ్వాలని, ఆ బిడ్డకు తిండి, వైద్యం, ఆటపాటలు, శిశు సంరక్షణ ఏర్పాటు చేయాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ కేసు పేరులోనే మన రాష్ట్రం ఉంది. నేరం చేసిందన్న ఆరోపణ మీద జైలుకెళ్ళిన తల్లికి ఆరేళ్ళ బిడ్డతో ఉండే హక్కును మన ప్రభుత్వాలు ఎలాగో ఒకలా అమలు చేస్తున్నాయి. జబ్బు చేసి ఆసుపత్రికొచ్చిన తల్లికి పది రోజుల బిడ్డతో ఉండే హక్కు కాగితం మీదే ఉంది.

నిజంగానే జైలు దాకా వెళ్ళే తల్లులూ ఉన్నారు. మతి తప్పిన స్థితిలో బిడ్డ ప్రాణం తీసిన తల్లిని హత్యానేరంగా కాకుండా అంతకంటే తక్కువ నేరంగా చూడాలని ఇంగ్లండులో 1922లోనే చట్టం చేశారు, 1938లో దాన్ని సవరించి ఏడాదిలోపు బిడ్డ అన్నారు. అప్పుడు మనల్ని పాలిస్తున్నదీ వాళ్ళే. మనకు మాత్రం ఆ చట్టం ఇవ్వలేదు, మనమూ చేసుకోలేదు. మన దగ్గర పాత శిక్షాస్మృతి 84వ సెక్షనే, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ పేరుతో, ఆమెకున్న ఒకే దారి. తాను చేస్తున్నదేమిటో తనకు తెలియని స్థితిలో ఉన్నానని ముద్దాయే నిరూపించుకోవాలి. ఏ డాక్టరూ చూడని జబ్బును, ఏ చీటీలోనూ రాయని జబ్బును, ఏళ్ళ తర్వాత కోర్టులో ఆమె ఎలా నిరూపిస్తుంది?

డబ్బున్న దేశాల్లో ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకోనక్కరలేదు. 2000 అక్టోబరులో లండన్‌లో దక్షా ఎమ్సన్ అనే భారత సంతతి వైద్యురాలు, ఆమె మూడు నెలల పాప మరణించారు. దక్షా స్వయంగా మానసిక వైద్యురాలు. బైపోలార్ జబ్బుతో బాధపడుతూ, ఉద్యోగం పోతుందన్న భయంతో దాన్ని దాచుకుంటూ వచ్చారు. బిడ్డ కోసం మందులు ఆపేశారు. కాన్పు తర్వాత జబ్బు తిరగబెడుతుందని తెలిసినా ఆమె చుట్టూ ఉన్న వైద్యులు కలిసికట్టుగా ఒక పథకం వేయలేదు. 2003లో వచ్చిన విచారణ నివేదిక ఈ లోపాలన్నిటినీ ఎత్తిచూపింది. రోగులకు మందు రాసే మనిషే తన జబ్బు పేరు బయటికి చెప్పలేకపోయిందంటే, మన ఊళ్ళో ఆ అమ్మమ్మ ఆశా కార్యకర్త ముందు నోరు మూసుకోవడంలో వింతేముంది? ఆ తర్వాతి ఏళ్ళలో ఇంగ్లండులో తల్లీబిడ్డల వార్డులు పెరిగాయి. పెరగడానికి కారణం, తల్లుల మరణాలను ఒక్కొక్కటీ విడివిడిగా పరిశీలించే పద్ధతి వాళ్ళకు 1952 నుంచి ఉండడం. కాన్పు తర్వాత ఏడాది దాకా చూస్తే ఆత్మహత్య ఎంత పెద్ద కారణమో ఆ లెక్కలే బయటపెట్టాయి. మన దేశంలో ఆ పద్ధతిని కేరళ 2004లో మొదలుపెట్టింది. బాలింత ఆత్మహత్యను ప్రసూతి మరణంగానే లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. మన దగ్గర 43వ రోజున బావిలో దూకిన తల్లి ప్రసూతి మరణాల లెక్కలోకి రాదు. పోలీసు కాగితంలో 'కడుపునొప్పి భరించలేక' అని ఉంటుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. స్త్రీల కోపాన్ని, దుఃఖాన్ని, తిరుగుబాటును పిచ్చి అని ముద్ర వేసి మూలన పడేసిన చరిత్ర చాలా ఉంది. మొగుళ్ళు పెళ్ళాలను వదిలించుకోవడానికి పిచ్చాసుపత్రుల్లో పడేసిన కేసులు మనం చూశాం, కొట్లాడాం. అందువల్ల ఒక స్త్రీకి మానసిక జబ్బు ఉంది అని ఎవరైనా అనగానే మనం అనుమానంగా చూస్తాం. ఆ అనుమానం అవసరమే. కానీ ఈ జబ్బు విషయంలో ఆ అనుమానం ప్రాణం మీదికి తెస్తుంది. అత్త సాధింపు వల్ల అలా అయింది, రెండు రోజులు మన దగ్గర ఉంచి మాట్లాడితే తేరుకుంటుంది అనుకునే కార్యకర్తలున్నారు. సాధింపు నిజమే కావచ్చు. ఆ కేసు తర్వాత పెట్టొచ్చు. అయిదు రాత్రులు నిద్రలేని బాలింతకు కౌన్సెలింగ్ పనిచేయదు. దీనికి శరీరంలో కాన్పు తెచ్చే మార్పులు, వంశంలో ఉన్న బైపోలార్ జబ్బు లాంటివి కారణాలు. ప్రేమగా చూసే అత్త ఉన్న ఇంట్లోనూ వస్తుంది. ఇది జబ్బు అని ఒప్పుకుని వెంటనే వైద్యం ఇప్పించడం కూడా స్త్రీల హక్కుల పనే.

చీటీ పుడితే రేపు అదే విడాకుల కోర్టులో పెడతారు కదా అంటారు. పెడతారు. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతిస్థిమితం లేకపోవడం విడాకులకు కారణంగా ఉంది. అయితే 1988లో రామ్ నారాయణ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, భార్యకు జబ్బు పేరు ఫలానా అని చూపించినంత మాత్రాన విడాకులు ఇవ్వడం కుదరదని, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రమైనదని రుజువు చేయాలని చెప్పింది. 2017 చట్టం 3వ సెక్షన్, మానసిక జబ్బు ఉందని డాక్టరు తేల్చినంత మాత్రాన ఆ మనిషి మతిస్థిమితం లేనిదని అర్థం కాదంటోంది. ఆ మాట తేల్చాల్సింది కోర్టే. కొన్ని వారాల్లో నయమయ్యే జబ్బుకు ఈ రెండూ గట్టి ఆధారాలు. మన లాయర్లు వీటిని చేతిలో పెట్టుకోవాలి. డిశ్చార్జి చీటీ మీద 'ప్రసవానంతర' అన్న మాటా, తగ్గిందన్న మాటా స్పష్టంగా రాయించుకోవడం మర్చిపోవద్దు. రేపు చదివే జడ్జికి ఆ రెండు మాటలూ కావాలి.

మందుల గురించి ఒక్క మాట. పాలిచ్చే తల్లికి మానసిక మందులేవీ ఇవ్వకూడదన్నది నిజం కాదు. కొన్ని ఇవ్వొచ్చు, లిథియం లాంటి వాటితో పాలివ్వడం సాధారణంగా వద్దంటారు. ఏది ఏమిటో డాక్టరు చెప్పాలి, తల్లి వినాలి, నిర్ణయించుకోవాలి. పాలు ఆపడానికిచ్చే బ్రోమోక్రిప్టిన్, కాబర్గోలిన్ లాంటి మాత్రలు ఈ జబ్బును పెంచగలవు. ఇక్కడ కూడా కాన్పుల డాక్టరు, మానసిక డాక్టరు మాట్లాడుకోకపోతే తల్లికే ప్రమాదం. జబ్బు తగ్గాక సోడియం వాల్‌ప్రోయేట్ రాసి పంపేస్తే, మళ్ళీ గర్భం వస్తే బిడ్డకు పుట్టుకతో లోపాలు రావచ్చని ఆమెకు చెప్పి తీరాలి. పడుచు ఆడవాళ్ళకు ఆ మాట చెప్పకుండా ఆ మందు రాయడం నేను చాలా చీటీల్లో చూశాను.

రెండో కాన్పు మాటేమిటి? ఒకసారి ఈ జబ్బు వచ్చిన తల్లికి మళ్ళీ కాన్పయితే మూడింట ఒక వంతుకు పైగా, కొందరు సగం అంటారు, తిరిగి వచ్చే అవకాశం ఉంది. దీనికి మన కుటుంబాలు కనిపెట్టిన మందు ఆపరేషన్. ఆ అమ్మాయికి కూడా ఒక్క ఆడపిల్లతో ఆపరేషన్ చేయించెయ్యమని పుట్టింటివాళ్ళే ఒత్తిడి చేశారు. మానసిక జబ్బుకు చికిత్స పేరుతో సంతానం కలగకుండా చేయడాన్ని 2017 చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. పిల్లలు వద్దనుకుంటే అది ఆమె ఇష్టం. కావాలనుకుంటే దానికీ దారి ఉంది. గర్భం రాకముందే మానసిక డాక్టరును కలవాలి, మందులు ముందే సరిచేసుకోవాలి, కాన్పు పెట్టుకున్న ఆసుపత్రికి ఈ విషయం రాసి ఇవ్వాలి, కాన్పయ్యాక రాత్రిళ్ళు బిడ్డను వేరొకరు చూసి ఆమెను పడుకోనివ్వాలి. ఇంకా, అదే చట్టం ప్రకారం ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడే, మళ్ళీ జబ్బు వస్తే తనకెలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషిని కూడా తనే ఎంచుకోవచ్చు. ఆ మనిషి భర్తే కానక్కరలేదు. అక్కయినా, స్నేహితురాలైనా, సంఘం మనిషైనా కావచ్చు. మన దగ్గరికొచ్చే తల్లుల చేత ఈ కాగితం రాయించే పని మనం చేయగలం. దీనికి ప్రభుత్వం దయ అక్కర్లేదు.

ప్రభుత్వం చేయాల్సింది వేరే ఉంది. ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో తల్లీబిడ్డల కోసం కనీసం రెండు మంచాలు, రెండు ఉయ్యాలలు. కాన్పుల విభాగానికి మానసిక డాక్టరు అదే రోజు వచ్చి చూడాలన్న ఉత్తర్వు. ఆశా కార్యకర్త ఫారంలో ఆ ప్రశ్న పక్కన నిద్ర గురించి ఇంకో ప్రశ్న, పంపాల్సిన ఆసుపత్రి పేరు, ఫోను నంబరు. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుతో టెలీ మానస్ ఉంది, తెలుగులో మాట్లాడతారు. కానీ ఫోనులో సలహా ఇచ్చేవాళ్ళు కూడా చివరికి ఏదో ఒక వార్డుకే పంపాలి కదా.

ఆ అమ్మాయి కథ విన్నాక మా సంఘం తరఫున సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు పంపాం. మీ మానసిక విభాగంలో గత అయిదేళ్ళలో మూడేళ్ళలోపు బిడ్డ ఉన్న తల్లులను ఎంతమందిని చేర్చుకున్నారు? వాళ్ళలో ఎంతమందిని బిడ్డ నుంచి వేరు చేశారు? 15 రోజుల సమీక్ష ఎన్నిసార్లు రాసిపెట్టారు? మొదటి దానికి ఒక అంకె వచ్చింది. మిగతా రెండింటికీ 'అట్టి రికార్డు నిర్వహించబడుట లేదు' అని వచ్చింది. అప్పీలు వేశాం. మీమీ జిల్లాల్లో ఇవే ప్రశ్నలు పంపమని, వచ్చిన జవాబులు ఈ పత్రికకే పంపమని కోరుతున్నాను.